మావాడు అక్కడ బాగున్నాడు

ఇవాళ నేను కదపాలనుకున్న కబురు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. డబ్బున్న దేశానికి వెళ్లి బతికితే మనిషి ఎక్కువ సంతోషంగా ఉంటాడా? "మావాడు అక్కడ బాగున్నాడండీ" అంటుంది ఒక తల్లి. "ఏం బాగు, జ్వరమొస్తే కాసిని వేణ్నీళ్లిచ్చే దిక్కుండదు" అంటాడు పక్కింటాయన. వీధి అరుగు మీద ఈ వాదన తేలదు. దీన్ని పట్టుకుని యాభై ఏళ్లుగా లెక్కలు కట్టినవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లు కనుక్కున్నది ముందు చెబుతాను, నా మాట తర్వాత.

సంతోషాన్ని కొలవడమేమిటి అంటారా? ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అట్టడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమైన జీవితాల్లో అన్నిటికన్నా మంచిది పదో మెట్టు, అన్నిటికన్నా చెడ్డది సున్నా. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? అంతే ప్రశ్న. హాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1960లలో వాడుకలోకి తెచ్చిన నిచ్చెన ఇది. ఒక్క క్షణం చదవడం ఆపి మీ మెట్టేదో మీలో మీరు చెప్పుకోండి. 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదికలో దేశాల వరుసంతా జనం ఈ ఒక్క ప్రశ్నకిచ్చిన జవాబును బట్టే వేస్తారు. 2018 నుంచి 2025 దాకా ఏటా ఫిన్లాండే మొదటిది. 2025లో మన దేశానిది 118వ స్థానం.

వరుసను పైనుంచి కిందికి చూస్తే పైన ఎక్కువగా డబ్బున్న దేశాలు, అడుగున బీద దేశాలు, యుద్ధాల్లో నలిగిన దేశాలు. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త దీనికి ఒక మెలిక పెట్టాడు. ఒకే దేశంలో చూస్తే ఉన్నవాడు లేనివాడికన్నా సంతోషంగానే ఉంటున్నాడు, కానీ అమెరికా ఏళ్ల తరబడి సంపన్నమవుతూ వచ్చినా అమెరికన్ల సంతోషం పెరగలేదన్నాడు. 2008లో బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వుల్ఫర్స్ చాలా దేశాల లెక్కలు పరిచి, ధనిక దేశాల్లో జనం పై మెట్ల మీదే ఉన్నారని వాదించారు. వాళ్లు చూపించిన ఒక సంగతి మన ఇళ్లలో అందరికీ అనుభవమే. నెలకు పది వేలు ఇరవై వేలైతే మనిషి ఎంత పైకెక్కుతాడో, లక్ష రెండు లక్షలైతేనే మళ్లీ అంత ఎక్కుతాడు. బీదవాడి చేతిలో పడ్డ పది వేలకు ఉన్న బలం లక్షాధికారి చేతిలో పడ్డ పది వేలకు ఉండదు.

కాబట్టి డబ్బుకూ సంతోషానికీ సంబంధం లేదని ఎవరైనా వేదాంతం చెబితే నేను ఒప్పుకోను. పురుడు పోసుకోబోయే ఆడకూతురికి దగ్గర్లో ఆసుపత్రి ఉండటం సంతోషమే. కుళాయి తిప్పితే నీళ్లు రావడం సంతోషమే. అయితే కోస్టారికాను చూడండి. తలసరి ఆదాయం అమెరికాలో సగం కూడా ఉండదు. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకుని చదువుకూ వైద్యానికీ డబ్బు మళ్లించిన చిన్న దేశం. 2025 నివేదికలో దానిది 6వ స్థానం, అమెరికాది 24. అదే నివేదికలో నన్ను కుదిపేసిన మాట ఇంకొకటుంది. 2023లో అడిగితే, నలుగురు అమెరికన్లలో ఒకరు ముందురోజు తిన్న ప్రతి పూటా ఒంటరిగానే తిన్నారట. అన్నం పెట్టుకుని ఎదురుగా మనిషి కోసం చూసే మనబోటివాళ్లకు అది ఎంత పెద్ద లోటో వేరే చెప్పాలా?

ఇదంతా ఎక్కడివాళ్లు అక్కడే ఉంటే. మన ప్రశ్న వెళ్లేవాడి గురించి కదా. బీద దేశం నుంచి వెళ్లినవాణ్ణి, వెళ్లనివాణ్ణి పక్కపక్కన నిలబెట్టి పోల్చలేం, ఎందుకంటే వెళ్లేవాడు మొదటి నుంచీ చొరవ ఉన్నవాడై ఉండొచ్చు. ఈ చిక్కు విప్పిన మంచి ఉదాహరణ పసిఫిక్ సముద్రంలో ఉంది. టోంగా అని సుమారు లక్ష జనాభా ఉన్న ద్వీపదేశం. ఏటా కొద్దిమంది టోంగా వాళ్లను న్యూజిలాండ్ లాటరీ తీసి శాశ్వతంగా ఉండనిస్తుంది. లాటరీ అంటే ఏమిటో అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బి కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు మొక్కుకునే మనకు తెలియనిది కాదు. చీటీ తగిలినవాడికీ తగలనివాడికీ అదృష్టంలో తప్ప తేడా లేదు. మెకంజీ, గిబ్సన్, స్టిల్‌మన్, రోహోరువా అనే పరిశోధకులు ఈ రెండు జట్లనూ కలిసి అడిగారు.

వెళ్లినవాళ్ల ఆదాయం రెండింతలు దాటింది. మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. కానీ వాళ్ల ఆనందం చూస్తే, ఇంటి దగ్గర మిగిలినవాళ్లకన్నా తగ్గింది. నిచ్చెన మీద మెట్టు చూస్తే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. ఇంకో ప్రశ్న కూడా వేశారు: "టోంగాలో ఉన్నప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉండేవారు?" వెళ్లినవాళ్లు చాలా కింది మెట్టు చూపించారు. అక్కడే ఉండిపోయినవాళ్లు తమ స్థితి అంత కింద ఉందని అనుకోవడం లేదు. అంటే వెళ్లినవాడు తాను ఎదిగానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు, పాత రోజుల్ని జ్ఞాపకంలో తగ్గించుకుని మరీ. అంత దూరం వచ్చి అంత వదులుకున్నాక మనసు అలా సర్దుకోకపోతే బతకడం కష్టమేమో, నాకైతే అలా తోస్తుంది. "బాగున్నానమ్మా" అని ఫోన్లో కొడుకు చెప్పేది అబద్ధం కాదు. ఆ ఒక్క మాటను బట్టి తమ్ముణ్ణీ పంపేయడం మాత్రం తొందరపాటు.

మరి ఎక్కడా మేలు లేదా అంటే, ఉంది. 2018 నివేదిక వలస వచ్చినవాళ్లను ప్రత్యేకంగా లెక్కకట్టింది. వాళ్ల సంతోషం తాము చేరిన దేశపు జనం సంతోషానికి దగ్గరగా వస్తుందని తేలింది. ఆ ఏడు స్థానికుల్లోనే కాదు, వలస వచ్చినవాళ్లలోనూ ఫిన్లాండే మొదటిది. నాకు ఇందులో కనిపించేది ఇది: దేశపు సంపద బడిగా, వైద్యంగా, ఆపదలో ఆదుకునే చట్టంగా మారి, అందులో వచ్చినవాడికీ వాటా దొరికితే వాడూ మెట్టెక్కుతాడు. వాటా దొరకకపోతే ఆ సంపద ఎదుటివాడి ఇంట్లో వెలిగే దీపమే.

గల్ఫ్ సంగతి అందుకే వేరు. ఎమిరేట్స్‌లో పది మందిలో దాదాపు తొమ్మండుగురు బయటి దేశాలవాళ్లే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి అప్పుచేసి ఏజెంటుకు కట్టి, కంపెనీ వీసా మీదనో, ఎక్కడైనా పని వెతుక్కోవచ్చని చెప్పి అమ్మే ఆజాద్ వీసా మీదనో పోయినవాళ్లు ఎన్నేళ్లు కష్టపడ్డా ఆ దేశం వాళ్లది కాదు. కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పడక బయటికొస్తే ఖల్లివెల్లి అయిపోతారు, అంటే చట్టం లెక్కలో లేనివాళ్లు; ఇంటికి రావాలన్నా కాగితాలుండవు. కడప నుంచో కోనసీమ నుంచో ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లి పంపే డబ్బుతో ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు. ఆ చదువు నిజం. ఆ పిల్లల్ని ఆమె ఫోన్లోనే పెంచుకుంటున్నదీ నిజమే.

అమెరికా వెళ్లినవాళ్లకు జీతం పెద్దది, గొళ్లెం వేరే రకం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. వెంట తీసుకెళ్లిన పాపకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. ఇల్లు కొనుక్కుని, మొక్కలు నాటుకుని, ఈ దిగులుతోనే పడుకునే కుటుంబాలున్నాయి.

వెళ్లొద్దని నేననను. ఇక్కడ దొరకనిదాన్ని అక్కడ వెతుక్కోవడం మనిషికున్న హక్కు. నా విన్నపం ఒక్కటే. ఈసారి అమెరికా సంబంధమో గల్ఫ్ వీసానో ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత అన్నది తర్వాత అడగండి. మొదట, ఆ వీసా మీద మా అమ్మాయికి ఉద్యోగం చేసుకునే వీలుందా అని అడగండి. పని పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారు, ఒంట్లో బాగోలేకపోతే ఖర్చెవరిది, మనిషి తిరిగి రావాలనుకున్న రోజున రానిస్తారా అని అడగండి. కన్సల్టెన్సీవాళ్లూ ఏజెంట్లూ ఇవి తమంతట తాము చెప్పరు. జవాబు కాగితం మీద రాయించుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి.