వాల్‌టాక్సు రోడ్డులో ఒక రాత్రి

సౌకారుపేట వీథులలో కాలినడకన పోయేవారికే దారి దొరకడం కష్టం. అటువంటి చోటికి కిందటి ఏప్రిల్ నెలలో, పడకలూ వంట అలమరా ఫ్రిజ్జూ ఉన్న పెద్ద బండి ఒకటి చుట్టపుచూపుగా వచ్చింది. మా బాబాయిగారూ పిన్నీ, వాళ్ల అబ్బాయి కుటుంబమూ కలిసి విజయవాడలో ఆ బండిని అద్దెకు తీసుకొని రామేశ్వరం బయలుదేరారు. దీనిని కారవాన్ అంటారు. "సత్రం వెతుక్కొనే పని లేదురా, సత్రమే మా వెంట వస్తోంది!" అని బాబాయిగారు నెల్లూరులో ఉండగానే ఫోనులో సంబరపడ్డారు.

దారిలో మా ఇంట ఒక రాత్రి ఉండి పోవాలని వారి సంకల్పం. మింటు వీథి పక్క సందులో ఉన్న మా ఇంటికి ఆటో రావడమే గొప్ప. అందుచేత తెలిసిన వారిని అడిగి, వాల్‌టాక్సు రోడ్డు పక్కన లారీలు నిలిపే ఒక దొడ్డిలో బండికి చోటు సంపాదించాను. కుంఫిణీవారు ఊరిచుట్టూ గోడ కట్టి, ఆ ఖర్చును పన్నుగా జనంమీద వేయబూనారనీ, రోడ్డుకు ఆ పేరు అందువల్లనే వచ్చిందనీ పెద్దలు చెబుతారు. గోడ పోయింది, పన్ను పోయింది, పేరు మాత్రం నిలిచింది.

సాయంకాలం నాలుగు గంటలకు బండి వచ్చింది. దొడ్డివారి షెడ్డులోని ప్లగ్గునుంచి పొడవాటి వైరుతో డ్రైవరు బండికి కరెంటు తగిలించాడు. ఎండకు రేకుపెట్టెలా కాగిపోయిన బండిలో ఎ.సి. వేసి, అందరూ కాళ్లు కడుక్కొని మా ఇంటికి వచ్చారు. భోజనాలై, పిన్ని మందుకోసం రాత్రి ఎనిమిదిన్నరకు మళ్లీ దొడ్డికి వెళ్లాము. లోపల ఎ.సి. గుర్రుమంటూ తిరుగుతోంది. దీపాలు మాత్రం లేవు, ఫ్యాను లేదు, ఫ్రిజ్జు నిశ్శబ్దంగా ఉంది. ఫ్రిజ్జులో పిన్ని ఇన్సులిను నెలకు సరిపడా ఉంది. వాడకంలో లేని ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. గబగబా దానిని తీసి, మా అబ్బాయి చేతికిచ్చి ఇంటి ఫ్రిజ్జులో పెట్టమని పరుగెత్తించాను.

అంతలో ఇంకొకటి జరిగింది. దొడ్డిలో నీళ్లు చల్లిన తడినేలమీద చెప్పులు లేకుండా నిలబడి, పిన్ని బండి ఇనుపమెట్టు కమ్మీని పట్టుకొంది. "అమ్మో!" అని చేయి వెనక్కు లాక్కొంది. చీమలు కుట్టినట్లు జివ్వుమన్నదట. డ్రైవరు తానూ పట్టుకొని చూసి, "ఏమీ లేదమ్మా" అన్నాడు. అతని కాళ్లకు రబ్బరుచెప్పులు ఉన్నాయి!

నేను వెంటనే ప్లగ్గు ఊడదీయించాను. డ్రైవరు అద్దెకిచ్చినవారికి ఫోను చేస్తే, "ఇన్వర్టరు పోయినట్టుంది, అక్కడే కొత్తది వేయించండి, బిల్లు తరువాత చూద్దాం" అన్నారు. బాబాయిగారు జేబు తడుముకొన్నారు. నాకు మటుకు ఒక సందేహం పట్టుకొంది. ఎ.సి. వంటి కుంభకర్ణుడికి దొరికిన కరెంటు చిన్న దీపానికి ఎందుకు దొరకలేదు?

మా సందులో కరెంటు మేస్త్రీగారు ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. నెల్లూరువైపు నుంచి చిన్నతనంలోనే వచ్చి స్థిరపడ్డారు. ఆయనను పిలుచుకొని వచ్చాను. వచ్చీరాగానే ఇన్వర్టరు మూత తీస్తారేమోనని డ్రైవరు టార్చిలైటు పట్టాడు. ఆయన బండివైపు కన్నెత్తి చూడలేదు. "పెళ్లికూతురిని తరువాత చూస్తాను నాయనా, ముందు పుట్టింటిని చూడనీ" అంటూ తిన్నగా షెడ్డులోకి నడిచారు. కరెంటు బయలుదేరే చోటునుంచి, అది చేరే చోటుకు వరసగా వెళ్లడమే ఆయన పద్ధతి.

షెడ్డు ప్లగ్గు దగ్గర మీటరు పెట్టారు. 230 వోల్టులు ఉండవలసినచోట 198 మాత్రమే ఉన్నాయి. ఎవరినీ బండి తాకనీయకుండా, ఎ.సి. వేయించి బండిదగ్గర చూస్తే 176! మధ్యలో 22 వోల్టులు ఏమైనట్లు? మేస్త్రీగారు నన్ను పిలిచి, చుట్టగా పడి ఉన్న వైరుకు దగ్గరగా చేయి పెట్టి చూడమన్నారు. వేడిగా ఉంది. బండి సుమారు 8 ఆంపియర్లు తీసుకొంటోంది. 22ను 8తో హెచ్చిస్తే 176 వాట్లు. అంటే ఆ వైరుచుట్ట ఒక చిన్న పొయ్యి అన్నమాట. నలభై మీటర్ల సన్నని వైరు, అందులో సగం చుట్టవిప్పకుండానే ఉంది. ఇంకో గంట పోతే పైతొడుగు కరిగి నిప్పంటుకొన్నా ఆశ్చర్యం లేదు.

దీపాల రహస్యమూ అక్కడే తేలింది. బండిలో ఎ.సి. తిన్నగా బయటి కరెంటుమీద నడుస్తుంది. దీపాలూ ఫ్యానూ ఫ్రిజ్జూ ఇన్వర్టరు ద్వారా నడుస్తాయి. ఇన్వర్టరు వెనుక మీట కంప్యూటర్లకు పనికివచ్చే యు.పి.ఎస్. వైపున ఉంది. ఆ స్థితిలో 180 వోల్టులకు తగ్గిన కరెంటును అది స్వీకరించదు. గేటు మూసి, బ్యాటరీమీద బండిని నడిపిస్తుంది. ప్లగ్గు తగిలించే ఉంది గదా అని మనం నిశ్చింతగా ఉంటాము. లోపల బ్యాటరీ హరించుకుపోతుంది. నిండుగా ఉండి విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపవలసిన బ్యాటరీ అప్పటికి 11 కూడా చూపలేదు. ఇన్వర్టరు పాడు కాలేదు. తన ధర్మం తాను నెరవేర్చి అలసిపోయిందంతే.

ఇక పిన్నికి తగిలిన జివ్వు. మేస్త్రీగారు సంచిలోంచి హోల్డరుకు రెండు తీగలు తగిలించిన బల్బు తీశారు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య పెడితే వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెడితే వెలగలేదు. షెడ్డుగోడ వెనుక ఎర్తు గొట్టానికి కట్టిన తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది. అది చాలదన్నట్లు, మన డ్రైవరు వైరుకు మూడుకాళ్ల ప్లగ్గు ఉన్నా లోపల తీగలు రెండే! కాబట్టి బండిలో ఎక్కడో చిన్నగా కారే కరెంటుకు నేలలోకి దిగే దారి లేక, ఇనుపదేహమంతా పరచుకొంది. రబ్బరు చక్రాలమీద నిలబడ్డ బండి అది. తడికాళ్లతో తాకిన మనిషే దానికి దారి. ఆ రాత్రి చీమకుట్టినంతతో పోయింది. కారేది ఎక్కువై ఉంటే పిన్ని మాకు దక్కేది కాదు.

తొమ్మిది గంటలకు ఎలక్ట్రికల్ కొట్టు మూసేలోపల నేను పరుగున వెళ్లాను. మింటు వీథిలో జిలేబీ మూకుళ్లచుట్టూ జనం, తలపైన చిక్కుపడ్డ జడలవలె కరెంటు తీగలు. ఒక్కొక్క ఇల్లూ రైలుపెట్టెలాగ సన్నగా పొడుగ్గా లోపలికి సాగిపోయి ఉంటుంది. వీథివాకిట మెయినునుంచి పెరటి పంపుదాకా ఒకే పాత తీగమీద బతికే ఇళ్లు ఎన్ని లేవు! ఈ పేటకు కూతవేటు దూరంలోనే బేసిన్ బ్రిడ్జి విద్యుత్కేంద్రం ఉంది. కుంపెనీ చేతిలోని పట్నపు విద్యుత్తును సర్కారు 1947లో తీసుకొంది. 1895లోనే ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ ట్రాములు నడిచాయి. 1953లో ఆగిపోయాయి. అంత ముందుగా విద్యుత్తును చూసిన ఊళ్లో, ఒక ఎర్తుతీగ తెగితే చూసే దిక్కు లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు మూడు ఉన్న వైరు ఇరవై మీటర్లు తెచ్చాను. బండిని షెడ్డుకు దగ్గరగా జరిపించారు. మెయిను ఆపి, ఎర్తు గొట్టాన్ని గీకి శుభ్రంచేసి, కొత్త తీగ బిగించి, చుట్టూ నీళ్లు పోశారు. బల్బు ఈసారి ఎర్తుమీద కూడా వెలిగింది. ఎ.సి. వేసినా బండిదగ్గర 195 నిలిచాయి. ఇన్వర్టరు గేటు తెరిచింది, ఫ్రిజ్జు మూలిగింది. మేస్త్రీగారు తానే ముందుగా మీటరుతో కమ్మీని పరీక్షించి, తరువాత పిన్నితో, "ఇప్పుడు పట్టుకో తల్లీ. అయినా చెప్పులు తొడుక్కొనే పట్టుకో" అన్నారు.

కూలి ఎంతని బాబాయిగారు అడిగితే, ఐదువందలు తీసుకొని, పాత వైరును తన కత్తెరతో రెండు ముక్కలు చేశారు. "ఇది ఇంకొకరి చేతిలో పడకూడదు బాబూ" అన్నారు. ఆ వైరు ఖరీదు అద్దెవారు పట్టుకొంటారేమోనని డ్రైవరు గొణిగాడు. బాబాయిగారు, "నేనిచ్చుకొంటాలేవయ్యా" అన్నారు.

తెల్లవారి బండి చిదంబరంవైపు సాగిపోయింది. నేను ఆ సాయంత్రమే మేస్త్రీగారిని మా ఇంటికి పిలిచి, బల్బు తెమ్మన్నాను. మా పెరటి పంపు దగ్గర ప్లగ్గులో అది వెలగలేదు. ఇరవైరెండేళ్లుగా మా ఆవిడ అక్కడే తడికాళ్లతో నిలబడి స్విచ్చి వేస్తోంది.