సముద్రం లేని ఊళ్లో ఒడ్డున షికారు

రాయపూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉందంటే మన వైజాగ్ చుట్టాలకి నవ్వొస్తుంది. తెలీబాంధా చెరువు గట్టుకి ఇక్కడి జనం పెట్టుకున్న పేరది. ఆటోవాడికి అదే చెప్పండి, తిన్నగా తీసుకొచ్చి దింపేస్తాడు. సాయంత్రం చుట్టూ నడిచేవాళ్లు, చాట్ బళ్ల దగ్గర కుర్రకారు, నీళ్లలో వణికే దీపాలు, పైన రెపరెపలాడే పెద్ద జాతీయ జెండా. ఉప్పుగాలి ఒక్కటే తక్కువ.

కానీ అది సాయంత్రం సంగతి. మీరొస్తే పొద్దున్నే లేపి రాజిమ్ తీసుకెళ్తాను. దారిలో బియ్యప్పిండి చీలా, టమాటా పచ్చడి తినేసి బయల్దేరితే ఎండ ఎక్కకముందే ఏటి ఒడ్డున ఉంటాం. మహానది, పైరీ, సోంఢూర్ కలిసేది అక్కడే. సంగమం మధ్యలో, ఎత్తైన అరుగు మీద కులేశ్వర మహాదేవుడి గుడి. వానాకాలంలో చుట్టూ నీళ్లే. వేసవిలో చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ పోవచ్చు. మాఘ పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా ఇక్కడ పెద్ద జాతర. జనం ఇష్టమైతే అప్పుడు రండి, ఏరు ఇష్టమైతే ఆ జాతర రోజులు తప్పించి రండి. నా ఓటు ఏటికే.

అక్కణ్ణించి చంపారణ్యం దగ్గరే. ఈ చోటు గురించి మనవాళ్లకి ఎందుకు తెలియదో నాకెప్పుడూ బాధే. వల్లభాచార్యులు 1479లో పుట్టింది ఇక్కడే. తల్లిదండ్రులు లక్ష్మణ భట్టు, ఇల్లమ్మ, తెలుగు దంపతులు. కాశీ నుంచి దక్షిణాదికి వస్తుంటే దారిలో ఈ అడవిలో ఇల్లమ్మ గారు ప్రసవించారు. పురిటిబిడ్డలో కదలిక లేకపోతే జమ్మిచెట్టు కింద విడిచి వెళ్లారనీ, తిరిగొచ్చి చూస్తే చుట్టూ అగ్ని కాపలా కాస్తుండగా బిడ్డ ఆడుకుంటున్నాడనీ కథ. గుజరాత్ నుంచి భక్తులు కుటుంబాలతో సహా వస్తారు. తెలుగు మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఇక్కడ చెట్టు కొట్టకూడదని కట్టుబాటు, హోలీకి మంట కూడా వెయ్యరు. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా దట్టమైన నీడ. ఆ నీడలో మధ్యాహ్నమంతా కూర్చోండి, చూడాల్సినవి ఇంకా ఉన్నాయని హడావిడి పడకండి.

తిరిగి ఊళ్లోకొస్తే బూఢా తలాబ్ అనే చెరువు. 1877లో కుటుంబంతో రాయపూర్ వచ్చి రెండేళ్లున్న నరేంద్రుడనే పిల్లాడే తర్వాత వివేకానందుడయ్యాడు. చెరువుకి ఆయన పేరే పెట్టారు, మధ్యలో విగ్రహమూ నిలిపారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చెరువుని తరియా అంటారు. కొత్త చెరువు తవ్వితే దానికి పెళ్లి చేసే ఆచారం ఉంది, నడిమధ్యలో కర్రస్తంభం పాతుతారు. నీళ్లు తగ్గినప్పుడు నాచుపట్టి నల్లబడ్డ స్తంభం బయటపడుతుంది, దాని మీద కొంగ నిలబడి ఉంటుంది. పెళ్లి చేసి ఇంటిమనిషిని చేసుకున్న చెరువులో ఎవరు చెత్త పోస్తారు చెప్పండి! నగరం ఆ మర్యాద మరిచిపోయింది. రాజ్‌బంధా అని ఒకప్పుడు నిండు చెరువు, ఇప్పుడది మైదానం. బంధా అంటే గట్టు, పేరులో మాత్రం అది మిగిలింది. ఉన్న చెరువులనైనా పూడ్చనివ్వకూడదు. గట్టు మీద నడిచేవాళ్లు ఎక్కువైతే పూడ్చేవాడికి ధైర్యం తగ్గుతుందని నా నమ్మకం.

ఆఖర్న ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్. రాయపూర్ తాగేది ఈ నది నీళ్లే. ఇది శివ్‌నాథ్‌లో కలుస్తుంది, శివ్‌నాథ్ మహానదిలో. సిహావా కొండల్లో పుట్టి 858 కిలోమీటర్లు నడిచే ఆ నది ఒడిశాలో పారాదీప్ దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. మన వైజాగ్ వాళ్ల సముద్రమే అది!

నవంబర్, ఫిబ్రవరి మధ్య రండి. ఉదయం చలికి శాలువా, మధ్యాహ్నానికి టోపీ. మేలో వస్తే మాత్రం రాజిమ్ ఇసక కాలుతుంది, తెల్లారకముందే బయల్దేరాలి.