కొర్రమీనుకి ఏ ఎర?

కాలేజీ సంచికలో వ్రాయడానికి విషయాలకు కొదవా? దేశభక్తి వుంది, విద్యార్థుల బాధ్యత వుంది, సైన్సు సాధించిన విజయాలున్నాయి. వాటి గురించి నాకంటే బాగా వ్రాసేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ముగ్గురు నలుగురున్నారు. నాకు కాస్త తెలిసినవి రెండే. ఒకటి వరి, రెండు గాలం. వరి గురించి వ్రాస్తే మా నాన్న చదివి తప్పులు పడతాడు. అందుకని గాలం గురించి వ్రాస్తున్నాను. లెక్చరర్లు నవ్వుకున్నా ఫర్వాలేదు. వారిలో ఇద్దరు ముగ్గురికి చేపల పులుసంటే ఎంత ప్రీతో హాస్టలు మెస్సులో అందరికీ తెలుసు.

మాది మున్నేటి ఒడ్డు వూరు. వరంగల్ వైపు నుంచి దిగి, ఖమ్మాన్ని ఒరుసుకుంటూ వచ్చి, చివరికి కృష్ణలో కలిసే ఏరు అది. వానాకాలంలో దాన్ని చూస్తే భయం, ఎండాకాలంలో చూస్తే జాలి. ఈ రెంటికీ మధ్య దసరా నుంచి ఓ నెలా నెలన్నర, అంటే శరత్తులో, మున్నేరు మనిషికి అందుబాటులో వుంటుంది. ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వస్తాయి. ప్రవాహం నడిమికి తగ్గి, ఒడ్డు వెంట మడుగులు విడిపోతాయి. జమ్ము, తుంగ, తూటికాడ, గుర్రపుడెక్క ఆ మడుగుల్ని కమ్ముకుంటాయి. ఆ నీడన కొర్రమీను కాపురం పెడుతుంది.

కొర్రమీను సంగతి తెలియని పట్నం మిత్రుల కోసం రెండు మాటలు. మా జువాలజీ పుస్తకంలో దీని పేరు చన్నా స్ట్రయేటా. 1793లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పెట్టిన జాతి పేరు. తెలంగాణకు ఇదే రాష్ట్ర చేప. తల పాము తలలా వుంటుంది. మొప్పలు ఒక్కటే దీనికి చాలవు. తలలో గాలి పట్టే అర వుంది కాబట్టి, పైకొచ్చి గాలి మింగి పోతుంటుంది. ఆ రానివ్వకపోతే నీళ్లలోనే వుండి వూపిరాడక చస్తుంది! చేప నీళ్లలో మునిగి చావడమేమిటని మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు. ఇది వేటాడి తినేదే గాని తరిమి తినేది కాదు. నాచు పక్కన కట్టెలా కదలకుండా వుండి, కప్పో పరిగో దగ్గరికి రాగానే ఒక్క దూకు దూకుతుంది. అందుకే ఎర ఎంపిక విషయంలో దీనంత పేచీకోరు చేప మరొకటి లేదు. జెల్లకు వానపాము గుచ్చి బెండు వేసి కూర్చుంటే చాలు. కొర్రమీనుకు మాత్రం, దాని ముంగిటికి వెళ్లి, దానికి ఆశ పుట్టించాలి.

యూరప్ ఏరుల్లో పైక్ అని ఒక చేప వుంది. బాతు ముక్కులాంటి మూతి, దాని నిండా పళ్లు. చుట్టరికానికి కొర్రమీనుతో సంబంధం లేదు గాని బుద్ధి మాత్రం అదే. నాచులో పొంచి వుండి దూకడం. ఆ దేశాల్లో కూడా ఆకు రాలే కాలమే దాని వేటకు మంచి అదను. నాచు చచ్చి, చిన్న చేపలకు దాక్కునే చోటు తగ్గుతుంది. చలికాలం ముందు పైక్ ఒళ్లు చేసుకోవాలని చూస్తుంది. అప్పుడు ఏ ఎర వేయాలన్నది అక్కడి వాళ్లకు కొన్ని వందల ఏళ్ల చర్చ. ఐజాక్ వాల్టన్ అనే ఇంగ్లీషాయన 1653లో అచ్చువేసిన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’లో, బతికున్న కప్పను పైక్‌కు ఎరగా ఎలా గుచ్చాలో వివరంగా చెప్పాడు. ఎక్కువసేపు బతికేలా జాగ్రత్తగా గుచ్చమన్నాడు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మా మేనమామే కళ్లముందు కనిపించాడు. మున్నేటి ఒడ్డున ఆయన చేసేదీ సరిగ్గా అదే. వాల్టన్ పేరు కూడా ఆయన వినలేదు.

ఇక ఎర ఎంపిక. ఇది అదృష్టం వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కాదు, ఇందులో కొంత ఫిజిక్సు వుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 అని ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టాం. దాని ఫలితంగా, నీళ్లలోంచి పైకి చూసే చేపకు ఆకాశమంతా తలపైన 97 డిగ్రీల గరాటులో ఇమిడి కనిపిస్తుంది. ఆ గుండ్రటి కిటికీ అవతల నీటి పైభాగం అద్దంలా మెరుస్తుంది. కప్ప ఆ కిటికీలోకి వచ్చిందంటే, చేపకు కనిపించేది దాని వీపు రంగు కాదు. వెలుతురుకు అడ్డంగా నల్లటి ఆకారం, తన్నే రెండు కాళ్లు. బజారులో రంగురంగుల ఎరలు చూసి మురిసిపోయేది మనమే. చేపకు కావలసింది పొట్ట ఆకారం, కాళ్ల ఆట. ఇంకొకటి, నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు పైగా వేగం. పైగా చేప ఒంటి పక్కన గీతలా వుండే పార్శ్వరేఖ నీటి కదలికను తాకినట్టు పసిగడుతుంది. కన్ను చాలని చోట అది పనిచేస్తుంది.

కాబట్టి ముందు నీటిని చూడాలి, తరువాత ఎర తీయాలి. పైన వాన పడి నీళ్లు మళ్లీ మట్టిరంగు తిరిగితే రంగూ మెరుపూ దండగ. అప్పుడు గిర్రున తిరిగే రేకున్న స్పిన్నర్ మేలు. అది కనబడకపోయినా దాని అదురు తెలుస్తుంది. తేటనీళ్లు, పైన ఆకు లేదు, పరిగెలు గుంపులుగా తిరుగుతున్నాయి అంటే వెండిరంగు చెంచా ఎర. లాగుతుంటే అటూ ఇటూ వొరుగుతూ దెబ్బతిన్న పరిగెలా మెరుస్తుంది. ఈ చెంచాకూ ఒక కథ చెబుతారు. అమెరికాలో జూలియో బ్యుయెల్ అనే ఆయన పడవలో తింటుండగా చెంచా జారి నీళ్లలో పడిందట, చేప వచ్చి దాన్ని అందుకుందట. కథ మాటెలా వున్నా 1852లో ఆయన పేటెంటు తీసుకున్నది నిజం. నేను మా ఇంటి స్టీలు చెంచా కాడ కోసి, ఆకురాయితో అరగదీసి, రెండు బెజ్జాలు వేశాను. బాగానే పనిచేసింది. అమ్మ మాత్రం చెంచాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు మూడో రకం నీళ్ల దగ్గర వస్తుంది. గుర్రపుడెక్క కమ్మిన మడుగు. పెద్ద కొర్రమీను వుండేది అక్కడే. చెంచా వేస్తే ఆకులు తగులుకుంటాయి. అక్కడ కప్ప తప్ప మరొకటి నడవదు. బతికున్న కప్ప. తరతరాలుగా మా వైపు పద్ధతి అదే.

ఈ కప్ప గురించి మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. మా నాన్నది కప్పల పార్టీ. వరిచేలో కప్ప అరిస్తే ఆయనకు ధైర్యం. “పురుగుమందు షాపువాడు అప్పిస్తాడు, కప్ప వూరికే పనిచేస్తుంది” అంటాడు. ఆయన జువాలజీ చదవలేదు గాని మాట సరైనదే. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్లు వేల టన్నుల చొప్పున ఓడలెక్కి పోయేవి. చేలల్లో పురుగు పెరుగుతోందన్న గోల లేచి, చివరకు 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపివేసింది. మన ల్యాబులో కూడా కప్పను బల్లమీద పరిచి కోసే రోజులు పోయాయి. 2014లో యూజీసీ కోతలు మాన్పించింది. స్కాట్లండ్, జర్మనీల్లో వెన్నెముక వున్న ప్రాణిని బతికుండగా ఎరగా వాడకూడదని చట్టమే వుంది. ఇవన్నీ తెలిశాక, తుండుగుడ్డలో కప్పల్ని మూటగట్టుకొని ఏటికి వెళ్లడం నాకు సయించలేదు. స్కాలర్‌షిప్పు డబ్బుల్లో కొంత తీసి ఒక రబ్బరు కప్పను తెప్పించుకున్నాను. లోపల డొల్ల, గాలపు ముళ్లు రెండూ వీపుకు ఆనుకొని వుంటాయి కాబట్టి ఆకులకు తగులుకోదు. చేప నోరు మూస్తే డొల్ల అణిగి ముళ్లు పైకొస్తాయి.

రెండో పార్టీ మా మేనమామది. ఆయనకు సొంత భూమి లేదు, ఏటి పక్క రెండెకరాలు కౌలు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు మున్నేరు ఎలా వచ్చిందో, ఖమ్మం ఏమయిందో పేపర్లలో అందరూ చూశారు. మా మావయ్య వరి మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. కౌలు మాత్రం అలాగే వుంది. ఆ శరత్తులో ఆయన ఏటికి వెళ్లింది సరదాకి కాదు. బతికున్న కొర్రమీనుకు వూళ్లో ఎప్పుడూ గిరాకీయే. కిలో చేప అమ్మితే రెండు రోజుల ఇల్లు గడిచేది.

నా రబ్బరు కప్పను చేతిలో పట్టుకొని, నొక్కి, వాసన చూసి, “ఎంతరా అల్లుడూ?” అన్నాడు. రెండు వందల ఇరవై అన్నాను. తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

“మావయ్యా, కప్పలు తగ్గిపోతే చేలో సుడిదోమ పెరుగుతుంది” అన్నాను.

“ఏ చేలోరా? నా చేలో ఇసుకుంది.”

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపు బెండు వైపు చూసి ఆయనే మళ్లీ అన్నాడు: “నీకు పడకపోతే ఇంటికెళ్లి అన్నం తింటావు. నాకు పడాలి.”

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. సిద్ధాంతం చెప్పడానికి కూడా కడుపు నిండి వుండాలేమో! దయ అనేది డబ్బులున్నవాడు కొనుక్కునే వస్తువయితే దాన్ని పక్కవాడికి బోధించడంలో అర్థం లేదు. అలాగని కప్ప నొప్పి అబద్ధం కాదు, మా నాన్న చేను అబద్ధం కాదు. ఇది మా ఇంటి పేచీ అనుకోకండి మిత్రులారా. అడవి గురించైనా ఏరు గురించైనా మనం సెమినార్లలో చెప్పే ప్రతి మంచిమాటకీ ఎవరో ఒక మావయ్య ఇలాంటి ప్రశ్నే వేస్తాడు. జవాబు ఆయన చేతికి అందే ధరలో వుండాలి.

జవాబు కనిపెట్టింది నేను కాదు, ఆయనే. వరద పోయాక ఒడ్డంతా జత లేని హవాయి చెప్పులు. ఎవరివో, ఏ వూరివో. ఓ మధ్యాహ్నం మావయ్య వాటిలో ఒకదాన్ని ఏరి, కొడవలి మొనతో కప్పంత ముక్క కోశాడు. పొట్ట గుండ్రంగా చెక్కాడు. పాత సైకిలు ట్యూబు నుంచి రెండు సన్నని పీలికలు తీసి కాళ్లు కట్టాడు. గాలపు ముల్లు మొన వీపుకు ఆనేట్టు కింద నుంచి గుచ్చాడు. చెప్పు తేలుతుంది, ట్యూబు పీలిక తన్నుతుంది. వక్రీభవనం గురించి నేను ముందే చెప్పివుంటే “పొట్ట ఆకారం, కాళ్ల ఆట” అన్న నా సిద్ధాంతం విని చేశాడని గొప్పలు పోయేవాణ్ణి. చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు ఏటిని చూసి ఆయనకే తెలుసు.

మొదటి రెండు రోజులు అది వట్టిదే అయింది. మూడోనాడు సాయంత్రం, గుర్రపుడెక్క ఆకుల మీదుగా ఆకు నుంచి నీళ్లలోకి జారిపడేట్టు లాగుతుంటే, పెంకు పగిలినట్టు చప్పుడై నీళ్లు లేచాయి. బతికున్న కప్పకైతే చేప మింగేదాకా ఆగాలి. చెప్పు కప్పకు ఆగితే ఉమ్మేస్తుంది. దారం బిగిసిన క్షణమే గుంజాలి. ఆ తేడా మావయ్యకు ఆ పూటే పట్టుబడింది. కిలోంబావు కొర్రమీను.

లెక్క దాచుకోను. దీపావళి దాకా చూస్తే నిజం కప్పకే ఎక్కువ చేపలు పడ్డాయి. చెప్పు కప్పకు తక్కువే. కానీ కప్పల్ని వెతికి పట్టే పొద్దంతా మిగిలింది, ఎర చావదు, ఒక్క చెప్పుకు నాలుగు కప్పలు. ఆ నెలాఖరుకు మావయ్య తుండుగుడ్డ మూట మానేశాడు. మానేశానని ఎవరికీ చెప్పలేదు. మా నాన్న గమనించాడు గాని ఆయనా ఏమీ అనలేదు. పార్టీలు అలాగే వున్నాయి, పేచీ మాత్రం పోయింది.

గాలం పట్టాలనుకునేవారికి చివరగా ఒక మాట. మడుగులో ఒక్కోచోట నారింజ ఎరుపు పిల్లలు ముద్దగా కుతకుతలాడుతూ కనిపిస్తాయి. కింద తల్లీ తండ్రీ కాపలా వుంటాయి. అక్కడ ఏ ఎర వేసినా పడుతుంది, ఎందుకంటే ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. తల్లిని పట్టేస్తే ఆ ముద్దంతా పరిగెల పాలు. మా మావయ్య ఇల్లు గడవని ఆ నెలలో కూడా అలాంటి చోట గాలం చుట్టేసి పక్క మడుగుకు నడిచేవాడు. ఏ చేపకు ఏ ఎరో తెలియడం సగం విద్యేనట. ఎక్కడ వెయ్యకూడదో తెలియడం మిగతా సగమట. ఆ సగానికి మన సిలబస్‌లో మార్కులు లేవు.