పాత బండికి న్యాయమైన వెల

పాతనగ నమ్మబోయిన యిల్లాలికి కంసాలి యంగడిలో తెలియు సంగతి యొకటి కలదు. కొన్ననాడు బంగారమునకు, తరుగునకు, మజూరీకి వేర్వేరుగ సొమ్ము పోసియుందుము. అమ్మునాడు బంగారము మాత్రమే తూకమునకు వచ్చును; మజూరీ రాదు. సోదరీమణులలో ఈ సంగతి యెఱుగనివారుండరు. ఇంగ్లండులో నొక పాత స్పోర్ట్సుకారునకు వెల గట్టవలసి వచ్చినప్పుడు ఈ యెఱుకయే మా కక్కరకు వచ్చినది.

మా పెద్దతల్లి కుమార్తె బర్మింగ్‌హాము నగరమున కాపురమున్నది. బావగారచ్చట వైద్యులుగా నుండి 2023లో కాలము చేసిరి. వారికి ప్రాణప్రదమైన వస్తువు ఎం.జి.బి. యను నొక యెఱ్ఱని బండి. 1972లో తయారైనది, ఇద్దరు కూర్చుండుటకే చోటు, పైకప్పు గుడ్డది, మడచి వెనుకకు పెట్టవచ్చును. గత వేసవి సెలవులలో మేమును మా వారును పోయినప్పుడు అది దుప్పటి కప్పుకొని కొట్టములో నుండెను. అక్కగారి కుమార్తెను విశ్వవిద్యాలయమున చేర్పవలసియున్నది. బావగారి మిత్రుడొకరు వచ్చి, "అంత పాతబండి యెవరు కొందురమ్మా! మీ కష్టము చూడలేక 4,500 పౌనులిచ్చెదను" అనిరి. అక్కగారు మాట యిచ్చుటకు సిద్ధముగా నుండెను. పిల్ల మాత్రము అటువంటి బండికే ప్రకటనలో 15,000 పౌనులని చూచి, అంతకు తక్కువకు ఈయరాదని పట్టుపట్టెను.

"చెల్లీ, మీవారు లెక్కల మాష్టారు గదా, మీరే యొక లెక్క తేల్చి పెట్టండి" అని అక్కగారు మా మీద పెట్టినది.

ఈ బండ్లను ఆబింగ్డను పట్టణమున 1962 మొదలు 1980 వఱకు చేసిరి. అన్ని రకములును కలిసి అయిదు లక్షలకు మించినవి. కావున అపురూపమని చెప్పి వెల పెంచుటకు వీలులేదు. 1974 చివర అమెరికా చట్టములకు లోబడి, మెఱయు లోహపు బంపరులు తీసివైచి నల్లని రబ్బరువి తొడిగిరి. బండి యెత్తును కొంత పెంచిరి. కొనువారికి మెఱయు బంపరుల మీదనే మోజు. యంత్రము ఇంచుమించు ఒకటియే యైనను వెల వేఱగును. అంచునుబట్టి చీరవెల మాఱుట మనకు తెలియనిదా యని నవ్వుకొంటిమి. బావగారిది మెఱయు బంపరుల బండియే.

అసలు వెల యుండునది మఱియొక చోట. ఈ బండికి అడుగున వేఱుగా నినుప చట్రము లేదు; రేకుల యొడలే చట్రము. తలుపుల క్రింద ఇరుప్రక్కల గడపలవలె పొడవుగా నుండు బోలురేకు దూలములే బరువును మోయును. ఆ దేశమున చలికాలమందు మంచు కరుగుటకై బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు గడపల లోపల చేరి, బయటికి తెలియకుండ లోహమును తినివేయును. పైకి రంగు నిగనిగలాడుచునే యుండును. లోపల చెదలు పట్టిన ద్వారబంధమే.

మేము పిలిపించిన వృద్ధ మెకానిక్కు మొదట యంత్రము జోలికే పోలేదు. తలుపు మూసి, తలుపునకును ప్రక్కరేకునకును నడుమనున్న సందును పైనుండి క్రిందివఱకు వ్రేలితో తడవి చూచెను. సందు ఒకచోట సన్నగాను ఒకచోట వెడల్పుగాను ఉన్నచో బండి నడుము క్రుంగినదని గుర్తట. పిదప జాకీ పెట్టి యెత్తి, తలుపు తెఱచి మూసి మఱల చూచెను. అటుపిమ్మట సూదంటురాయిని మెత్తని గుడ్డలో చుట్టి గడప పొడవునను జరుపుకొనుచు పోయెను. ఇనుమున్నచోట రాయి యంటుకొనును. లప్పముతో పూడ్చి రంగు వేసినచోట జారిపోవును. కుడివైపు చక్కగా నున్నది. ఎడమవైపు వెనుకచక్రము దగ్గఱ జానెడుమేర రాయి పట్టలేదు.

అక్కగారి మొగము చిన్నవోయినది. "పదేండ్ల క్రిందటనే బాగు చేయించిరే!" అనినది. క్రుళ్లిన రేకు కోయకయే పైన లప్పము మెత్తి పూర్తి కూలి పుచ్చుకొన్న పుణ్యాత్ములెవరో!

యంత్రపరీక్షకు అంత సేపు పట్టలేదు. అది 1,798 ఘనసెంటీమీటర్ల మొఱటు ఇంజను. దాని వంశమునకు చెందిన చిన్న ఇంజనే చిరకాలము మన అంబాసిడరు కార్లను నడిపినదని విని, ఏదో చుట్టఱికము కలిసినట్లు సంతోషించితిమి. అరిగినను దానిని విప్పి బాగుచేయవచ్చును, ఆ ఖర్చునకు హద్దు కలదు. ఒడలు క్రుళ్లినచో హద్దు లేదు. నలోపాఖ్యానమున బాహుకుడు బక్కగుఱ్ఱములను ఏరుకొనగా ఋతుపర్ణుడు శంకించెను గదా. ఒక్క పగటిలో విదర్భకు చేర్చినవి యా బక్కగుఱ్ఱములే. మెకానిక్కు చూపు బాహుకుని చూపువంటిదే.

ఇక కాగితములు. మైళ్ల లెక్క చూపు గడియారములో అయిదంకెలే యుండును. లక్ష దాటినచో మఱల సున్న నుండి మొదలు. 34,000 అని కనబడినది 1,34,000 కావచ్చును. ఆ దేశపు ప్రభుత్వము బండ్లకు ఏటేట జరుపు పరీక్షల ఫలితములను, 2005 నుండి జరిగినవానిని, బండి సంఖ్య చెప్పిన యెవరికైనను ఉచితముగా చూపును. అందు మైళ్లును ఉండును. నలువదేండ్లు దాటి పెద్దమార్పులు లేని బండ్లకు 2018 మే నుండి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినను మేము కోరి చేయించితిమి. ఆ చీటీ చేతనున్నచో కొనువారికి గుండె నిబ్బరము, అమ్మువారికి మాట నిబ్బరము.

అప్పుడు మా వారు కాగితము తీసిరి. ప్రకటనలోనిది అడుగు వెల మాత్రమే, దానిని త్రోసివైచిరి. అటువంటి బండ్లు వేలములలో నిజముగా నేమి పలికినవో ఏరి చూడగా, గట్టివి 10,500 ప్రాంతమున నున్నవి. ఎడమగడప కోసి క్రొత్తరేకు అతికి రంగు వేయుటకు షెడ్డువారడిగినది 1,700. చిరిగిన గుడ్డకప్పునకు 300. పోగా మిగిలినది 8,500. బావగారు ఇరువదియేండ్లలో ఆ బండిపై 14,000 పౌనులకు పైగా పోసినట్లు రసీదుల కట్ట చెప్పుచున్నది. అక్కగారు ఆ కట్టను ముందుపెట్టుకొని, "ఇదంతయు ఏమగును?" అని యడిగినది. మజూరీ సంగతి మేము చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు తానే చేతిగాజులవంక చూచుకొని, "నిజమేలే" అనినది.

ఆ మిత్రుని మోసగాడని మేమనము. చట్రము చూడక, కాగితము చూడక, విధవరాలి యక్కఱ నొక్కటే చూచి వెల చెప్పినవాడు. ఆయనకు మర్యాదగా నుత్తరము వ్రాయించితిమి. పిమ్మట తేనీటికి రాలేదు.

ప్రకటనలో ఎడమగడప లోపమును దాచక వ్రాసి 8,900 అడిగితిమి. మూడవ వారమున వృద్ధదంపతులు వచ్చిరి. ఆ యమ్మ సంచిలోనుండి తన సూదంటురాయిని తీయగా మేము నవ్వు పట్టలేకపోతిమి. మేము చెప్పినచోటనే రాయి జారినది, మఱెచ్చటను జారలేదు. బేరము 8,450కి కుదిరినది. సొమ్ము బ్యాంకులో పడిన పిదపనే తాళపుచెవులిచ్చి, యాజమాన్యము మాఱినట్లు ప్రభుత్వమునకు తెలిపితిమి. రసీదుల కట్టయు బండితోడనే పోవలెనని వారు కోరిరి. బండి చరిత్ర యదియే గదా. అక్కగారు బావగారి చేవ్రాత యున్న చీటీ నొక్కదానిని మాత్రము తీసి యుంచుకొని, తక్కినదంతయు తన చేతులతోనే వారికిచ్చినది.