జీలుగు కల్లు రుచికి మా మాటలు

పట్నాల్లో చిన్న చిన్న బ్రూవరీలు పెట్టి బీరు తయారుచేస్తున్నారు. ఒక గుక్క నోట్లో పోసుకుని, ఇందులో నారింజ తొక్క వాసన ఉంది, అందులో కాఫీ గింజ చేదు ఉంది అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. రాయనివ్వండి. రంప కొండల్లో జీలుగు కల్లు రుచి చూసి తీర్పు చెప్పే పని మాకు తాతల నాటిది. అయితే మాలో ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు.

తెల్లవారగానే దించిన లొట్టి తియ్యగా ఉంటుంది. కొబ్బరి నీళ్ళ తీపి కాదు, కొంచెం చిక్కన, గొంతులో నిలుస్తుంది. దీన్ని ముసలమ్మలు ఇష్టపడతారు. పొద్దు బారెడు ఎక్కేసరికి నురగ పొంగుతుంది, తీపి వెనక్కి తగ్గి నాలుక కొసన చురుక్కుమంటుంది. మా ఓటు దీనికే. అడ్డాకు దొప్పలో పోసుకుంటే ఆకు పసరు వాసన కూడా తగులుతుంది, స్టీలు గ్లాసులో ఆ సుఖం లేదు. సాయంత్రానికి పులుపు, వగరు. మర్నాటికి కూరలో పోసుకోవాల్సిందే.

లొట్టి కడగకపోతే పాత పులుపు కొత్త కల్లును గబగబా పులిపిస్తుంది. ఒక్క గుక్కతోనే అది తెలుస్తుంది. “ఏం మామా, ఈ పూట లొట్టి కడగలేదా?” అంటే, “నీ నాలిక పాడుగాను అల్లుడా, రాత్రి వాన” అని నవ్వుతాడు గీసే మామ. లోపల సున్నం పూస్తే పులవదు, తియ్యగానే ఉంటుంది. దాన్ని కాస్తే బెల్లం. సంతలో కొన్ని లొట్ల కల్లు మధ్యాహ్నం కూడా అంతే తియ్యగా ఉంటుంది, కాని గుక్క మింగాక నాలుక మీద చేదు మిగులుతుంది. అది చెట్టు ఇచ్చిన తీపి కాదు. ఉమ్మేయండి.

ఏ చెట్టుదైనా మొదటి దొప్ప మేం తాగం. పెద్దల పేరు తలచి కాస్త నేల మీద ఒంపుతాం.

ఈ కల్లు మీద పన్ను వేసినందుకు మావాళ్ళు తిరగబడ్డారని పిల్లలకు చెబితే నోరు తెరుస్తారు. 1879 రంప తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో చిగురుపన్ను ఒకటి. ఇంటి వాడకానికి గీసుకునే కల్లును కూడా సర్కారు అబ్కారీ చట్టం కిందికి తెచ్చి, కాంట్రాక్టర్లకు పాడుకోవడానికి ఇచ్చింది. ఇప్పుడు 1996 పెసా చట్టం మత్తు పానీయాల మీద గ్రామసభకే అధికారం ఇచ్చింది. నిషేధించాలన్నా, కట్టడి చేయాలన్నా ఊరే తేల్చుకోవచ్చు. మా దగ్గర గ్రామసభలో ఈ మాట ఎత్తేవాళ్ళు తక్కువ.

బడిలో మాకు చిక్కు ఉంది. పిల్లలకు తాగుడు మంచిది కాదని చెప్పాలి, చెబుతాం. తాగి ఇల్లు గుల్ల చేసుకున్న వాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, దాచేది లేదు. కాని “మీ నాన్న ఏం చేస్తాడు?” అని అడిగితే “కల్లు గీస్తాడు” అనడానికి పిల్లవాడు తల వంచుకుంటే మాకు ఒళ్ళు మండుతుంది. వెదురు బొంగు కణుపుల మీద కాలు మోపి అంత ఎత్తు ఎక్కి, గెల కొసను రోజూ పలచగా చెక్కాలి. కత్తి లోతుగా దిగితే ధార ఆగిపోతుంది. అది డిప్లొమాలో నేర్పే పని కాదు.

మా కుర్రాళ్ళు సీసా బీరు పేర్లు పది చెబుతారు. చెక్కడం మాత్రం ఇద్దరికే వచ్చు.

జీలుగు తాటిలాగ ఏళ్ళ తరబడి గెలలు వేస్తూ ఉండదు. పదేళ్ళు దాటి పెరిగాక నెత్తిన మొదటి గెల వేస్తుంది. తర్వాత ఒక్కొక్క గెలా కిందికి దిగుతూ వస్తుంది. అట్టడుగు గెలతో చెట్టు చచ్చిపోతుంది. మా ఊరి పక్కన గీస్తున్న చెట్లు ఇప్పుడు నాలుగు. వాగు ఒడ్డున ఉన్న చెట్టు కల్లే అన్నిటికన్నా రుచి. అది ఆఖరి గెలలో ఉంది.