తూకపు సరుకు

జడ్చర్ల మీదుగా పోవు మీటరుగేజి పట్టాలను పెఱికి బ్రాడుగేజి వేసిన 1990ల దశకమున, ఊరివారెల్లరు ఇక బండి మారకయే దూరప్రాంతములకు పోవచ్చునని సంతసించుచుండగా, నేనొక్కడను బాదేపల్లిలోని పాతసామానుల అంగడిలో, ఎఱుపు, పచ్చ, తెలుపు వెలుగులను మార్చి చూపు గార్డు చేతిదీపమునొకదానిని పట్టుకొని, వంటింటి రేకులకై పాడిన చిట్టీ సొమ్మును జేబులో తడవుకొనుచు నిలిచియుంటిని. అంగడివాడు దానిని త్రాసులో వేసి, "నాకైతే ఇది కిలోల లెక్కనే సారూ, గార్డు పట్టిండో కూలోడు పట్టిండో నాకేమెరుక" అనెను. ఆ మాట నాకప్పుడు అరసికముగ తోచెను.

రేకులు రాలేదు. దీపము వెంట ఇత్తడి తాళములు, స్టేషనులో గంటగా వ్రేలాడిన పట్టాముక్క, తేదీ వత్తిన అట్ట టిక్కెట్ల కట్టలు వచ్చినవి. వానకాలమున నా యర్ధాంగి కారుచున్నచోట గిన్నె నుంచి, "గంట కొడుతున్నరు, మీ బండొచ్చినట్టుంది" అనెడిది.

ఘనమైన పొరపాటు నగరమున జరిగెను. "ఎన్.ఎస్.ఆర్. 1912" అని చెక్కిన దీపమునకు రెండు మాసముల జీతము ధారపోసితిని. ఇంటికి వచ్చి తీరికగ చూచినపుడు గదా స్ఫురించినది: 1883 మొదలు, 1930లో నిజాము ప్రభుత్వము కొనువఱకు, ఆ సంస్థ నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే; 1912 నాటి వస్తువుపై నడుమ 'జి' యుండవలెను. ఆ గ్యారంటీ వాటాదారుల వడ్డీకి ప్రభుత్వమిచ్చిన పూచీ. నా దీపమునకు అక్షరమును లేదు, పూచీయును లేదు.

అంతకు మించిన భయమును న్యాయవాదియైన మిత్రుడొకడు పుట్టించెను. దొంగసొత్తని సహేతుకముగ అనుమానింపదగిన రైల్వే వస్తువు ఎవనియొద్ద దొరకునో, అది న్యాయముగ వచ్చినదని నిరూపించు భారము వానిదేనని 1966 నాటి చట్టము చెప్పుచున్నదట. ఇల్లంతయు గాలించితిని, నా సరుకులో సగమునకైనను కాగితము లేదు. చదువురాని బాదేపల్లి అంగడివాడు మాత్రము, తాను తుక్కు వేలములో పాడుకొన్న ప్రతి సరుకు చీటీని ఇనుపతీగకు గుచ్చి చూరున వ్రేలాడదీసియుండెను. అందు నా మొదటి దీపపు చీటీ నూనెమరకతో సహా దొరకెను.

నగరపు దీపమును అక్కడనే త్రాసులో వేసితిని. అతడు అక్షరములవంక చూడనైన చూడలేదు. వచ్చిన సొమ్మునకు ఒక రేకు వచ్చెను. తక్కినవి మఱుసటి చిట్టీకి.