టార్చి వెలుగులో

ఊరి పక్కనే ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం. ఆత్తిపట్టులో మా ఇంట్లో మాత్రం కంప్యూటర్ తెర చీకటి. బటన్ నొక్కితే చిన్న దీపం వెలుగుతుంది, బొమ్మ రాదు.

"పాతదే గదా నాయనా, పారేద్దాం" అన్నాడు మావాడు.

నాకు మనసొప్పలేదు. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. మనవరాలికి తెలుగు అక్షరాలు నేర్పుతున్నది ఆ తెర మీదే.

గదిలో దీపం ఆర్పి, తెర మీదికి టార్చి వేశాను. అక్షరాలు లీలగా కనిపించాయి. "అమ్మ, ఆవు" అని పిల్ల ఆ మసకలోనే చదివింది. అంటే తెర చావలేదు, వెనక వెలుగే పోయింది.

తీగ పీకి, మర్నాడు మూత విప్పాను. కరెంటు తీసినా పెద్ద కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, దాన్ని తాకరాదు. పక్కన రెండు చిన్నవాటి తలలు ఉబ్బి ఉన్నాయి. వేడికి లోపలి ద్రవం చెడితే అలా ఉబ్బుతాయి. లోకల్ రైలెక్కి చెన్నై రిచీ వీధిలో అదే కొలతవి, 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీల వేడికి తాళేవి తెచ్చాను. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా టంకం పెట్టాను.

తెర వెలిగింది. మన ఇళ్లలో తెలుగూ ఇంతేనేమో. పారేసే ముందు ఒకసారి టార్చి వేసి చూడాలి.